చుక్క కనబడని దినములు

ధ్యాన భాగములు: ఆదికాండము 1:14-19, యెషయా 40:25-26, యిర్మీయా 10:1-10



మా సేవలో జరిగిన ఒక సంగతితో ఈ నెల ధ్యానమును ఆరంభించుచున్నాము. అందులో తప్పు మాదే. కాబట్టి ఊరి పేరు గాని మనుష్యుల పేర్లు గాని ఇక్కడ వ్రాయము.

మేము విచారించు గ్రామ సంఘములలో ఒకదానియందు సంఘపెద్దగారి చిన్న కుమార్తెకు వివాహము నిశ్చయమాయెను. సంక్రాంతి వెళ్లి, కుప్పలు నూర్చి, ధాన్యము ఇంటికి చేరిన పిమ్మట పెండ్లి అనుకొనిరి. రెండు ఆదివారములు గుడిలో వివాహ ప్రకటన చదివితిమి. మూడవ ఆదివారము ఆరాధనకు ముందు ఆ పెద్దగారు మా యొద్దకు వచ్చి, తల వంచుకొని, "అయ్యగారూ, ఈ వారం చదవకండి. పెళ్లి రెండు మూడు నెలలు వెనక్కి జరుపుకుంటాం" అనెను. కారణమేమని అడుగగా కొంత సేపు మాటలాడక, "శుక్ర మూఢం నడుస్తుందంటండి" అని మెల్లగా చెప్పెను.

మాకు కోపము వచ్చెను. సంఘమునకు పెద్దవై యుండి నీకే ఇట్టి భయమా అని గద్దించితిమి. ఆ దినము యిర్మీయా పదియవ అధ్యాయము చదివి, ప్రసంగమంతయు ఆయనకు తగులునట్లు చేసితిమి. ఆయన చివరి బల్లమీద కూర్చుండి విని, ఎవరితోను పలుకక ఇంటికి వెళ్లిపోయెను.

సాయంకాలము వారి ఇంటికి వెళ్లితిమి. ఆయన తల్లి, ఎనుబది యేండ్ల ముసలమ్మ, అరుగుమీద కూర్చుండియుండెను. ఆమె మాతో ఇట్లనెను: "అయ్యగారూ, వాక్యం మాకూ తెలుసండి. పెద్దపిల్ల పెళ్లి మూఢంలోనే చేశాం. మనకేంటిలే అనుకున్నాం. ఏడాది తిరక్కుండానే అల్లుడు జ్వరమొచ్చి పోయాడు. ఊరంతా ఒకటే మాట. భయపడొద్దని మీరన్నారు, బాగానే ఉంది. భయం ఎట్టా పోద్దో అది చెప్పండి."

లోపల ఆ పెద్దపిల్ల చేటతో బియ్యము చెరుగుచుండెను. ఈ మాటలు వినబడగానే చేట చప్పుడు ఆగిపోయెను.

ప్రియులారా, మాకు ప్రత్యుత్తరము దొరకలేదు. భయపడవద్దని ఆజ్ఞ ఇచ్చితిమే గాని, ఏ చుక్క నిమిత్తము వారు భయపడుచుండిరో ఆ చుక్క ఏమిటో, అది ఎక్కడికి పోయినదో ఎన్నడును వారికి చెప్పియుండలేదు. మా బల్లమీద పుస్తకములున్నవి. కాని వాటిలోనిది గుడి గడప దాటి రాలేదు. కాబట్టి మరునాటి రాత్రి ప్రార్థన కూటములో ప్రసంగము మాని, గుడి ఆవరణలో ఒక రోలు బోర్లించి, దానిమీద దీపము పెట్టి, బడిపిల్లలను పిలిచితిమి. ఆ రాత్రి చెప్పినదానినే ఇప్పుడు మీకును వ్రాయుచున్నాము.

గ్రహములు ఏవి?

మన దేశములో పూర్వమునుండి నవగ్రహములని లెక్కించుదురు: రవి, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని, రాహువు, కేతువు. వీటిలో రవి, అనగా సూర్యుడు, గ్రహము కాదు. తనంతట తాను మండుచు వెలుగునిచ్చు నక్షత్రము. చంద్రుడు మన భూమి చుట్టు తిరుగువాడు. రాహు కేతువులు గోళములే కావు. ఆకాశములో సూర్యుడు నడచినట్లు కనబడు త్రోవను చంద్రుని త్రోవ దాటునట్టి రెండు స్థానములకు ఆ పేర్లు పెట్టిరి. అమావాస్యగాని పున్నమగాని ఆ స్థానముల దగ్గర జరిగినప్పుడు గ్రహణము కలుగును. భూమి తన చుట్టు తాను తిరుగుచున్నదనియు, గ్రహణములు నీడలవలన కలుగుచున్నవనియు ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే వ్రాసెను. కాబట్టి మన పూర్వులను మనము తేలికగా చూడరాదు. వారు కంటితో చూచి, వ్రేళ్లతో లెక్కించి, మిక్కిలి శ్రమపడి ఆకాశమును చదివిరి.

ఇక మిగిలిన అయిదు, అనగా బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని, నిజముగా గ్రహములే. ఇవి సూర్యుని చుట్టు తిరుగుచున్నవి. వీటికి స్వంత వెలుగు లేదు. సూర్యుని వెలుగు వీటిమీద పడి మనకు కనబడుచున్నది. వీటికి దూరముగా యురేనస్ అను గ్రహమును 1781లోను, నెప్ట్యూన్ అను గ్రహమును 1846లోను దుర్భిణితో కనుగొనిరి. 1930లో కనుగొనబడిన ప్లూటోను తొమ్మిదవ గ్రహముగా మీలో పెద్దవారు బడిలో చదివియుందురు. 2006లో ఖగోళ శాస్త్రజ్ఞులు దానిని మరుగుజ్జు గ్రహముల వరుసలో చేర్చిరి.

అయితే అయిదును రెండును కలిసి ఏడు. ఎనిమిదవది ఏది? ఈ ప్రశ్న వేయగా పిల్లలు ఆకాశమువైపు చూచిరి. ముసలమ్మ మాత్రము తన పాదములవైపు చూచి, "మన నేలేనా అయ్యగారూ?" అనెను. అవును, మన నేలయే! నవగ్రహముల లెక్కలో భూమి లేదు. మనము గ్రహములకు భయపడి పైకి చూచుచున్నాము గాని, పుట్టినది మొదలు ఒక గ్రహముమీదనే నిలిచియున్నాము. దానినే దున్నుచున్నాము, దానిలోనే విత్తుచున్నాము, దానిమీదనే ఇండ్లు కట్టుకొనుచున్నాము.

వాటి త్రోవలు

పిల్లలను దీపము చుట్టు నిలువబెట్టితిమి. భూమికిని సూర్యునికిని మధ్య సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. దానిని ఒక పెద్ద అంగగా లెక్కించితిమి. అప్పుడు బుధుడు అంగలో సగముకంటె తక్కువ దూరములోను, శుక్రుడు ముప్పాతిక అంగకు కొంచెము లోపలను, కుజుడు ఒకటిన్నర అంగలోను నిలిచిరి. గురుడు అయిదు అంగలు దాటి, శని తొమ్మిదిన్నర అంగలలో, యురేనస్ పందొమ్మిది అంగలలో నిలువవలసి వచ్చెను. నెప్ట్యూన్‌గా నియమింపబడిన పిల్లవాడు ముప్పది అంగలు వేసి, ఆవరణ గోడ దాటి, బాటమీద చీకటిలో నిలిచి, "అయ్యగారూ, దీపం చిన్నగా కనబడతా ఉంది" అని కేక వేసెను. నిజమే, నెప్ట్యూన్‌నుండి చూచినయెడల సూర్యుడు ఒక మిక్కిలి ప్రకాశమానమైన చుక్కవలె మాత్రమే కనబడును.

దీపమునకు దగ్గరగా ఉన్నది త్వరగాను, దూరముగా ఉన్నది నెమ్మదిగాను తిరుగును. బుధుడు 88 దినములలోను, శుక్రుడు 225 దినములలోను, భూమి 365 దినముల 6 గంటలలోను, కుజుడు 687 దినములలోను సూర్యుని చుట్టివచ్చును. గురునికి సుమారు 12 సంవత్సరములు, శనికి 29 సంవత్సరముల 6 నెలలు, యురేనస్‌కు 84 సంవత్సరములు, నెప్ట్యూన్‌కు సుమారు 165 సంవత్సరములు పట్టును. 1846లో కనుగొనబడిన నెప్ట్యూన్, అప్పటినుండి ఒక్క చుట్టు పూర్తిచేయునప్పటికి 2011వ సంవత్సరము వచ్చెను.

ఈ లెక్కలు మన ఊళ్లలో అందరి నోటను ఉన్నవే, కాని అవి లెక్కలని మనము ఎరుగము. గోదావరికి 2003లో పుష్కరములు వచ్చెను. మరల 2015లో వచ్చెను. పండ్రెండేండ్లకే ఎందుకు? గురుడు సూర్యుని చుట్టివచ్చుటకు సుమారు పండ్రెండేండ్లు పట్టును గనుక. ఏలినాటి శని ఏడున్నర ఏండ్లని జనులు భయముతో చెప్పుదురు. ఏడున్నర ఎట్లు వచ్చెను? శని త్రోవను పండ్రెండు రాశులకు పంచిన ఒక్కొక్క రాశికి రెండున్నర ఏండ్లు. మూడు రాశులకు ఏడున్నర. శనికి మనమీద పగలేదు. అతని త్రోవ పొడవైనది, నడక నెమ్మది. అంతే.

మూఢము అనగా ఏమి?

తరువాత పెండ్లికూతురి చిన్న చెల్లెలిని శుక్రునిగా నిలిపి, ముసలమ్మను భూమి ఉన్నచోట పీటమీద కూర్చుండబెట్టితిమి. ఆ పిల్ల దీపమునకు ప్రక్కగా ఉన్నంతసేపు ముసలమ్మకు బాగుగా కనబడుచుండెను. దీపమునకు కుడివైపున ఉన్నప్పుడు తెల్లవారుజామున మన రైతులు గురుతుపట్టు వేగుచుక్క అదియే. ఎడమవైపున ఉన్నప్పుడు పొద్దుగుంకిన తరువాత పడమట కనబడు చుక్కయు అదియే. రెండును ఒకటే శుక్రుడు.

పిల్ల నడచుచు నడచుచు దీపము వెనుకకు పోయెను. "ఇప్పుడు కనబడుచున్నదా?" అని అడిగితిమి. ముసలమ్మ కన్నులకు చేయి అడ్డము పెట్టుకొని, "లేదండి, వెలుగు కొడతా ఉంది" అనెను.

ఇదియే మూఢము. శుక్రుడు సూర్యుని ఆవలి వైపునకు పోయినప్పుడు సూర్యుని వెలుగులో కలిసిపోయి మనకు కొన్ని వారములు కనబడడు. అప్పుడు అతడు మనకు సుమారు 26 కోట్ల కిలోమీటర్ల దూరములో ఉండును. మరియొకసారి మనకును సూర్యునికిని నడుమకు వచ్చి కొద్ది దినములు కనబడకుండును. అప్పుడు దూరము సుమారు 4 కోట్ల కిలోమీటర్లు. ఇట్లు 584 దినములకొకసారి ఈ చుట్టు తిరిగి వచ్చుచునే యుండును. గురుడు కూడ 13 నెలలకొకసారి సుమారు ఒక నెల సూర్యుని వెలుగులో దాగును. దానిని గురు మూఢమందురు.

ఆ దినములలో శుక్రుడు చావలేదు, బలహీనుడు కాలేదు, అలుగలేదు. అంతకుముందు ఎట్లుండెనో అట్లే, 460 డిగ్రీలకు మించిన వేడిలో, సీసము కరిగిపోవునంత వేడిలో, దట్టమైన మేఘములు కప్పుకొని తన త్రోవలో తాను నడచుచునే యున్నాడు. మన ఊరిలో పెండ్లి జరిగినదో లేదో ఎరుగడు. ఎరుగుటకు అతనికి ప్రాణము లేదు.

ముసలమ్మ కొంతసేపు ఊరకుండి, "పిల్ల దీపం చాటుకెళ్లింది, అంతేనా!" అనెను. మా పుస్తకములన్నిటిలో ఇంతకంటె తేటయైన వివరణ మేము చదువలేదు.

కుజుని వెంబడించిన మనుష్యుడు

మూఢమువలెనే కుజదోషమును కూడ వివాహములయందు జనులు మిక్కిలి భయపడుదురు. ఎందరో కన్యకలు ఈ మాటవలన కన్నీరు విడుచుచున్నారు. అయితే గ్రహముల నిజమైన త్రోవను మనుష్యులకు మొట్టమొదట తెలియజేసినది ఈ కుజుడే.

జర్మనీ దేశములో 1571లో యోహాన్ కెప్లర్ అను ఆయన జన్మించెను. బీద కుటుంబము. 1577లో ఒక తోకచుక్క కనబడగా తల్లి ఆయనను ఎత్తైన చోటికి తీసికొనిపోయి చూపించెను. ఆయన బోధకుడు కావలెనని వేదశాస్త్రము చదివెను గాని, 1594లో గణితము నేర్పుటకు గ్రాజ్ పట్టణమునకు పంపబడెను. 1600లో ప్రొటెస్టెంటు విశ్వాసమును విడువనందున ఆ పట్టణమునుండి వెళ్లగొట్టబడెను. పిమ్మట ప్రాగ్ పట్టణములో టైకో బ్రాహే అను పండితుని యొద్ద చేరెను. టైకో దుర్భిణి లేని ఆ కాలములో, అనేక సంవత్సరములు కుజుని స్థానములను కంటితో చూచి జాగ్రత్తగా వ్రాసి పెట్టియుండెను. 1601లో టైకో మరణించెను. ఆ వ్రాతలు కెప్లరు చేతికి వచ్చెను.

గ్రహములు గుండ్రని త్రోవలో తిరుగునని అందరివలెనే కెప్లరును నమ్మెను. గానుగెద్దు తిరిగినట్లు గుండ్రని త్రోవ వేసి ఏండ్ల తరబడి లెక్కించెను. లెక్క దాదాపుగా సరిపోయెను. ఒక చోట మాత్రము కొంచెము తప్పెను. ఎంత? పున్నమి చంద్రుని వెడల్పులో సుమారు నాలుగవ వంతు! మరియొకడైనయెడల ఇంత కొద్ది భేదము ఎవరు చూచెదరని విడిచిపెట్టియుండును. కెప్లరు విడువలేదు. టైకో నమ్మకముగా చూచి వ్రాసినవాడు గనుక తప్పు తన లెక్కలోనే ఉన్నదని ఒప్పుకొని, తన కష్టమంతయు ప్రక్కకు నెట్టి మరల మొదలుపెట్టెను. 1609లో ఫలితమును అచ్చువేయించెను: కుజుని త్రోవ గుండ్రముగా లేదు, కొంచెము సాగిన దీర్ఘవృత్తముగా ఉన్నది.

దీనిని మీ కళ్లములోనే గీయవచ్చును. ఒక మేకు పాతి త్రాడు కట్టి చుట్టు గీసిన గుండ్రము వచ్చును. రెండు మేకులు పాతి, వాటి చుట్టు వదులుగా త్రాడు వేసి, పుల్లతో బిగించి గీసిన దీర్ఘవృత్తము వచ్చును. సూర్యుడు ఒక మేకు ఉన్నచోట ఉన్నాడు. రెండవ మేకు ఉన్నచోట ఏమియు లేదు. గ్రహము సూర్యునికి దగ్గరగా వచ్చినప్పుడు వేగముగాను, దూరమైనప్పుడు నెమ్మదిగాను నడచును. మన భూమియు అంతే. జనవరి మొదటి దినములలో సూర్యునికి దగ్గరగాను, జూలై మొదటి దినములలో దూరముగాను ఉండును. చలియు ఎండయు ఈ దూరమువలన కలుగునవి కావు. భూమి ఒక ప్రక్కకు ఒరిగి తిరుగుటవలన కలుగుచున్నవి.

కెప్లరు లోపములేనివాడని మేము చెప్పము. జీతము కొరకు పంచాంగములలో జోస్యములు వ్రాసెను. జ్యోతిష్యమును ఆయన పూర్తిగా విడువలేదు. తనకు ఆకాశమును చూపించిన ఆ తల్లినే 1615లో ఊరివారు మంత్రగత్తె అనిరి. 1620లో ఆమెను చెరలో వేసిరి. ఆయన ఆమె పక్షమున వాదించెను. 1621లో ఆమె విడుదల పొందెను. ఊరివారి భయము ఒక ముసలి తల్లిని ఎంతవరకు తీసికొనిపోవునో ఆయన ఎరుగును. మరియు లింజ్ పట్టణములో ఉన్నప్పుడు, సంఘ సిద్ధాంత పత్రములో ఒక విషయమునకు మనస్సాక్షి ఒప్పక సంతకము చేయనందున, ఆయన సొంత లూథరన్ సంఘమే ఆయనకు ప్రభురాత్రి భోజనము నిరాకరించెను. నొచ్చిన మనుష్యుని సంఘమే మరల నొప్పించుట ఆ కాలముతో ఆగిపోలేదని, చివరి బల్లమీద కూర్చుండబెట్టిన మన పెద్దగారిని తలంచుకొని మేము సిగ్గుపడితిమి.

గ్రహములు సూర్యునిలో ఎందుకు పడిపోవు, దూరముగా ఎందుకు పారిపోవు అను సంగతిని న్యూటన్ 1687లో వివరించెను. జొన్నచేనిలో మంచెమీద నిలిచి వడిసెల త్రిప్పువానిని చూడుడి. త్రాడు బిగువుగా ఉన్నంతసేపు రాయి చుట్టు తిరుగును. వదలిన తక్షణమే తిన్నగా పోవును. సూర్యుని ఆకర్షణయే గ్రహమునకు త్రాడు. అది కంటికి కనబడదు, గాని క్షణమైనను వదలదు. మనమందరము నిలిచియున్న ఈ భూమి సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తుచున్నను కుండలోని నీళ్లు తొణకవు.

ఈ త్రోవలు ఎంత నమ్మకమైనవో మన రాష్ట్రములోనే రుజువాయెను. 2013 నవంబరు 5న శ్రీహరికోటనుండి మంగళయానమును కుజునివైపు పంపిరి. ఆ దినము మంగళవారము! 2014 సెప్టెంబరు 24న, అనగా పది నెలలు దాటిన తరువాత, అది కుజుని చేరెను. పంపిన దినమున కుజుడు ఉన్నచోటికి కాదు, చేరు దినమున అతడు ఎక్కడ ఉండునో అక్కడికి గురిపెట్టిరి. కుజుడు లెక్క ప్రకారము వచ్చెను. మనలను చెరుపునని మనము చెప్పుకొను కుజుడు తన సమయము తప్పలేదు.

మనము నేర్చుకొనవలసినవి

మొదటిది, గ్రహములు ప్రభువులు కావు, పనివారు. ఆదికాండము మొదటి అధ్యాయములో సూర్య చంద్రులకు పేర్లు కూడ చెప్పక, పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి అని మాత్రమే వ్రాయబడియున్నది. చుట్టుపట్ల జనములు వాటిని దేవతలుగా కొలుచుచున్న కాలమది. పగటిని రాత్రిని వేరుపరచుట, కాలములను తెలుపుట, వెలుగిచ్చుట: ఇదియే వాటికి అప్పగింపబడిన పని. కాలమును తెలుపు గడియారము మన కాలమును పాలింపదు. తూర్పుదేశపు జ్ఞానులు నక్షత్రమును చూచి రాలేదా అని ఎవరైన అడుగవచ్చును. వచ్చిరి. అయితే ఆ నక్షత్రము శిశువుమీద అధికారము చేయలేదు. ఆయన యొద్దకు త్రోవ చూపెను.

రెండవది, అవి దారి తప్పినవి కావు. గ్రీకువారు గ్రహములకు తిరుగుబోతులని అర్థమిచ్చు పేరు పెట్టిరి, అవి ఇతర నక్షత్రముల నడుమ స్థలము మారుచున్నట్లు కనబడినందున. యూదా తన పత్రికలో అబద్ధ బోధకులను ఆ పేరుతోనే పోల్చెను. కాని ఇప్పుడు మనకు తెలిసినదేమనగా, గ్రహములు తిరుగుబోతులు కావు; మన కంటికి అట్లు తోచెను. వాటిని పేరుపెట్టి పిలిచి, ఒక్కటియు తప్పిపోకుండ నడిపించువానిని చూడుమని యెషయా మనలను పిలుచుచున్నాడు. వాటిని ఆయన విడువనియెడల, మనలను విడుచునా?

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. దుఃఖము గ్రహమువలన వచ్చునది కాదు. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు ఇది ఎవరి పాపమని అడిగినప్పుడు, ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెను. సిలోయములో గోపురము పడి చనిపోయినవారు ఇతరులకంటె అపరాధులు కారని చెప్పెను. మనుష్యునికి దుఃఖము కలిగినప్పుడు దానికి ఒక అపరాధిని వెదకుట మన అలవాటు. ఎవరును దొరకనప్పుడు చుక్కను పట్టుకొందుము. చుక్క దూరముగా ఉన్నందున, ఆ నింద దగ్గరనున్న ఆడుబిడ్డమీద పడును.

ఆ రాత్రి దీపము ముందర ఆ పెద్దపిల్లను పిలిచి అందరి యెదుట ఇట్లు చెప్పితిమి: "అమ్మా, నీ భర్త జ్వరమువలన మరణించెను. శుక్రునివలన కాదు, నీ పెండ్లి దినమువలన కాదు, నీవలన కాదు. ఇన్ని సంవత్సరములు ఈ మాట చెప్పనందుకు నన్ను క్షమించుము." ఆమె ఏమియు పలుకలేదు. కొంగు నోటికి అడ్డము పెట్టుకొని చాలసేపు ఏడ్చెను. పిమ్మట మూలనున్న చాప తెచ్చి మా కొరకు వేసెను.

అయితే దేవుని బిడ్డలకు ఏ కీడును రాదని మేము చెప్పలేదు. అట్లు చెప్పిన అది అబద్ధము. మంచి దినమని చూచి పెండ్లాడినవారి ఇండ్లలోను మరణమున్నది. చూడనివారి ఇండ్లలోను ఉన్నది. జ్వరము వచ్చినయెడల పంచాంగము తెరువక వెంటనే వైద్యుని యొద్దకు వెళ్లవలెను. త్రాగు నీటిని కాచవలెను, దోమలు పెరుగు గుంటలను పూడ్చవలెను. ఏ దుఃఖము వచ్చినను అది ప్రభువు చేతిలోనుండి మనలను లాగివేయలేదు. సమస్తమును తనయందు నిలిపియుంచువాడు ఆయనయే అని పౌలు కొలొస్సయులకు వ్రాసెను. కుజుని త్రాడును ఆయనదే, మన త్రాడును ఆయనదే.

ఇంకొక మాట. ఈ సంగతులు తెలిసినవని పొరుగువారిని ఎగతాళి చేయకుడి. మన భయము ఎంత లోతుగా ఉండెనో మనకే తెలియును. వారి పిల్లలు కూడ మన పిల్లలతో కలిసి దీపము చుట్టు తిరుగవచ్చును. ఆ రాత్రి శనిగా నిలిచిన పిల్లవాడు మన సంఘమువాడు కాడు. అందరికంటె చక్కగా, ఏమాత్రము తొందరపడక నడచినవాడు వాడే.

మూడవ ప్రకటన మరుసటి ఆదివారము చదివితిమి. నిశ్చయించిన దినముననే పెండ్లి జరిగెను. శుక్రుడు ఆ దినమున ఎవరికిని కనబడలేదు. కొన్ని వారముల తరువాత మేము మరల ఆ ఊరికి వెళ్లినప్పుడు, పొద్దుగుంకిన పిమ్మట ముసలమ్మ అరుగుమీదనుండి చేయి చాపి పడమట తాటిచెట్ల పైని చూపించెను. అక్కడ చుక్క వెలుగుచుండెను. "చాటునించి వచ్చేసిందండి" అనెను. ప్రక్కన పెద్దపిల్ల నిలిచి చూచుచుండెను.

ప్రకటన గ్రంథము చివర ప్రభువు తన్నుతాను వేకువచుక్కతో పోల్చుకొనెను. ఆయన కనబడని దినములు మన బ్రదుకులో కలవు. ఆ దినములలోను ఆయన లేకపోలేదు. కనబడుట వేరు, ఉండుట వేరు అని ఆ చుక్క మనకు నేర్పుచున్నది.

ప్రార్థన: ఆకాశమును భూమిని చేసిన మా తండ్రీ, నీవు చేసినవాటికి మేము భయపడిన దినములను క్షమించుము. భయపడినవారిని మేము నొప్పించిన దినములను మరి యెక్కువగా క్షమించుము. నిందను మోయుచున్న మా ఆడుబిడ్డల తలలు ఎత్తుము. నీవు మాకు కనబడని వేళలయందును నీ త్రాడు వదలలేదని మా హృదయములకు తెలియజేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.